పక్క మంచం

గోదావరిఖని. పెద్ద సమ్మె ముగిసిన ఏడాది చలికాలం. దవాఖానలో మూలనున్న ఒంటి గది. మంచం మీద సదయ్య. బొగ్గు బాయిలో బండ పడి విరిగిన కాలు కదలదు, నోరు మాత్రం ఆగదు. గడప బయట అతని బామ్మర్ది ముత్యం, ముక్కుకు గుడ్డ కట్టుకొని.

“తలుపు పూర్తిగ తియ్యిరా ముత్యం.”

“తీసిన కద బావా.”

“మరి అవుతల నిలబడ్డవేంది? లోపటికి రా.”

“సిస్టర్ తిడ్తది.”

“తిట్టనీ! నేనేమన్న దొంగతనం జేసిన్నా, ఒక్కన్ని తెచ్చి గీ అర్రల ఏసిండ్రు? మాట్లాడెటోడు లేడు. గోడ మొకం నేను సూసుడు, నా మొకం గోడ సూసుడు. యాష్టకొస్తున్నది!”

“డాక్టర్ ఏమన్నడు?”

“ఏమంటడు! కాల్ల పురుగు పడ్డదట. కంటికి కనవడదట. బయటిది కాదు, దవాఖానల పురుగట. మందులు తాగి తాగి మొండివడ్డదట. సూదుల మీద సూదులు మార్చిండ్రు, ఒక్కదానికీ లొంగుతలేదు.”

“కడిగితె పోదా?”

“పోదట. దానికి సన్న సన్న కొక్కేలుంటయట, మాంసాన్ని గట్టిగ పట్టుకుంటదట. లోపట ఏసిన రాడ్డు మీద జిగురు కట్టి, దాని కింద దాక్కుంటదట. మందు పైపైన్నే పోతదట.”

“వామ్మో.”

“ఇంకిను. మందుకు సావకుంట ఎట్ల బతకాల్నో ఒకటి నేర్సుకుంటె, పక్కదానికి గూడ నేర్పుతదట. అది ఇంకోదానికి.”

“మన యూనియన్లకన్న నయమున్నది బావా. మనోళ్లు ఒక్క మాట మీద ఉంటరా?”

“నవ్వకు, నాకు మండుతున్నది. గీ కొత్త సూది గూడ పన్జెయ్యకుంటె నాకింక తెల్వదన్నడు చక్రపాణి సారు. అంత సదువు సదివినోడు తెల్వదంటె నేనెవర్ని అడగాలె? సరే గాని, ఆగయ్య ఎట్లున్నడు?”

“ఆ... ఉన్నడు. అక్క జావ పంపింది. గీడ పెడ్తున్న.”

“జావ సంగతి కాదురా, ఆగయ్య సంగతి! నన్ను మళ్ల వార్డుల, ఆని పక్క మంచం మీద ఎయ్యమని చెప్పు. సారు కాళ్లన్న మొక్కు.”

“ఎందుకు బావా? గీడ లొల్లి లేదు, నిమ్మలంగున్నది.”

“ఎందుకంటవేందిరా! బండ పడ్డనాడు నన్ను గుంజింది ఎవడు? ఆడు. నన్ను గుంజవట్టే కద ఆని చెయ్యి నలిగింది. కుడి చెయ్యాయె. పెండ్లాం సారలమ్మకు నెలలు నిండినయి, రాలేకపాయె. బువ్వ ఎవలు తినిపియ్యాలె? నా చేత్తోని ముద్దలు పెట్టిన. ఆని కట్టు జారితె నేనే సదిరిన. నాకేమొ కట్టు కింద ఒకటే జిల. గోకుకుంట, మళ్ల ఆని కట్టు సదురుకుంట, ఇద్దరం నవ్వుకుంటుంటిమి.”

“చేతులు కడుక్కొమ్మని సిస్టర్ చెప్పలేదా?”

“చెప్పింది. కాలు ఇరిగినోడు నల్ల కాడికి ఎట్ల వోతడు? సీసల ఏదో మందు పెట్టింది, ఆకలైనోనికి బువ్వ పెట్టంగ గవన్ని యాదికుంటయా? అయినా గదంత ఎందుకడుగుతున్నవ్?”

“ఊకనే.”

“ఊకనే కాదు. ఇటు సూడు. ఆగయ్య ఇంటికి పోయిండా?”

“పోలేదు.”

“వార్డుల ఉన్నడా?”

“లేడు.”

“మరి యాడున్నడ్రా?”

“మీది అంతస్తుల. జ్వరమొచ్చింది బావా. చెయ్యి ఉబ్బింది. సీము కారుతున్నది.”

“సూది ఎయ్యలేదా?”

“ఏసిండ్రు. ఏదీ పన్జేస్తలేదు. రేపు చెయ్యి తీసేస్తరట. లేకుంటె పానం దక్కదట.”

“చెయ్యి తీసేస్తరా! ఆనికి యాడికెళ్లి వచ్చిందిరా?”

“జావ సల్లారుతున్నది బావా.”

“ముత్యం!”

“నీ కాల్ల ఉన్నదే. పరీక్ష చేసిండ్రు. రెండూ ఒక్కటేనట.”

“గోకిన చేత్తోనే ముద్దలు పెట్టిన గదరా!”

“నువ్వు కావాల్నని చేసినవా? ఏడ్వకు బావా. ఆడు నిన్నేమంటలేడు. ఎవలు పెట్టినా తింటలేడు. సదన్న తినిపిస్తెనే తింట, అన్నను తోల్కరాండ్రి అంటున్నడు. ఆగు, లోపటికొస్త.”

“రాకు.”

“బావా...”

“గడప దాటకు! తలుపు పెట్టు ముత్యం. గట్టిగ పెట్టు.”