హీటర్ నాబ్

జనవరి ఉదయం, పొగమంచు. తొమ్మిదింటికి ఘాజియాబాద్‌లోని ఒక స్కూల్లో ఆమెకు టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూ. కారు భర్త నడుపుతున్నాడు. ఆమె వేళ్ళు శాలువాలో దాచుకుని పక్కన కూర్చుంది.

“ఏమండీ, హీటర్ ఫ్యాను ఇంకా ఒకటి మీదే ఉంది. పెంచనా?”

“ముట్టుకోకు. ఇంజన్ వేడెక్కకముందే పెంచితే చల్లగాలి కొడుతుంది.”

“వేడెక్కి అరగంటైంది. ఇంజన్ వేడి చూపే ముల్లు మధ్యకొచ్చి కూర్చుంది, మీ ఆఫీసులో ఫైల్లాగా.”

“పెంచితే పెట్రోలు తాగుతుంది.”

“తాగేది ఏసీ. హీటరుకొచ్చేది ఎలాగూ బయటికి పోయే ఇంజన్ వేడేనండీ.”

“ఎవరు చెప్పారు?”

“కారుతో ఇచ్చిన పుస్తకం. పాడవుతుందని మీరింకా దాని కవరు కూడా తియ్యలేదు కదా, నేను తీశాను.”

“నడిపేవాళ్ళ చేతిలోనే నాబ్ ఉండాలి. అది రూలు.”

“అచ్ఛా. ముందరి అద్దం నిండా ఆవిరి పట్టింది. మీ రూలుకి రోడ్డు కనిపిస్తోందా?”

అతను జేబురుమాలుతో తుడిచాడు. మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచాడు. చివరికి కారు పక్కకి తీసి ఆపాడు.

“ఏమీ కనపడట్లేదు. కాసేపు ఆగుదాం.”

“ఎనిమిదిన్నరైంది. మీరిటు రండి, నేను నడుపుతాను.”

సీట్లు మారారు. ఆమె గాలిని అద్దం వైపు తిప్పి, ఫ్యాను నాలుగు మీద పెట్టింది. అద్దం కిందినుంచి మెల్లగా తేటపడింది. కారు కదిలింది.

“చెవులు హోరెత్తుతున్నాయి. కాస్త తగ్గిస్తానే.”

“ముట్టుకోకండి,” అంది ఆమె, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “రూలు.”