మూడో గేరు

“చూడు, ఇది కూడా టకటకమంటోంది.”

“ఊఁ. పక్కన పెట్టెయ్ అక్కా.”

ఇంజను విప్పిన పందెం కారు పక్కనే, బల్ల మీద అద్దప్పలక పరిచి, ఇంజనులో వాల్వులని తోసే సన్నటి కడ్డీలైన పుష్‌రాడ్లని ఒక్కొక్కటే దాని మీద దొర్లించి చూస్తున్నారు అక్కా తమ్ముడూ. పందేల్లో ఆ కారు నడిపేది అక్క, దాని బాగోగులు చూసే మెకానిక్కు తమ్ముడు. తప్పు తనదేనని నిన్నటి నుంచీ కుమిలిపోతోంది ఆవిడ. ఆ మాట విన్నప్పుడల్లా నీళ్లు నములుతున్నాడు వాడు.

“తిన్నగా ఉన్నవి చప్పుడు లేకుండా దొర్లిపోతున్నాయి. పెన్సిలంత కడ్డీ, ఇంత రాకాసినీ కూర్చోబెట్టేసింది.”

“కొత్తవి తెప్పించాగా. సాయంత్రానికి బిగించేస్తా, మన రాకాసి మళ్లీ లేస్తుంది. నువ్వు ఇంటికెళ్లి కాసేపు పడుకో.”

“పాడుచేసింది నేను కదరా. కనీసం తుడిచైనా పెట్టనీ.”

“అక్కా…”

“పొద్దున్నే పోటీలు పెట్టేవాళ్లకి ఫోన్ చేశా. ఆదివారం పందెంలో నా పేరు తీసెయ్యమన్నా.”

“తీసెయ్యమన్నావా? ఎవర్నడిగి?”

“ఎవర్నడగాలి? చెయ్యి తప్పేదాన్ని, నాకు ట్రాక్ ఎందుకు? ఈసారికి కడ్డీలు వంగాయి. రేపు ఎవరి ప్రాణమో పోతుంది. ఇక జన్మలో స్టీరింగ్ ముట్టనని మీ బావతో కూడా చెప్పేశా.”

“బావ… బావ ఏమన్నాడు?”

“మంచి పని చేశావన్నారు. టీ కూడా పెట్టిచ్చారు, పెళ్లయ్యాక మొదటిసారి.”

“టీ పెట్టాడా!”

“ఏంట్రా ఆ నేలచూపులు?”

“ఏం లేదు. ఆ గుడ్డ ఇలా ఇవ్వు.”

“ఒక్కటి చెప్పు. అసలు నేనేం చేశాను? ఎంత ఆలోచించినా అందడం లేదు. మొన్న చివరి రౌండు చక్కగానే తిప్పాను. షెడ్డులో పెట్టేటప్పుడు కూడా చక్కగానే గుర్రుమంది.”

“ఒక్కోసారి వెంటనే తెలీదులే.”

“కడ్డీలు వంగితే తెలీదా? నాకా?”

“అబ్బా, గేరు తప్పు పడిందక్కా! మలుపులో నాలుగు నుంచి మూడుకి దింపబోయి రెండులో వేశావు. అంత వేగంలో రెండు పడితే ఇంజను హద్దు మీరి తిరిగిపోదా? వాల్వులు వెళ్లి పిస్టన్లకి తగిలాయి, వాటిని తోసే కడ్డీలు వంగాయి. అదృష్టం బాగుండి అంతటితో పోయింది. ఎవరికైనా జరిగేదే.”

“రెండులో ఎలా పడుతుంది?”

“ఎలా ఏంటి? మూడు కోసం ముందుకి తోశావు. మన గేర్‌బాక్సులో మూడు వెనక్కి లాగాలి కదా, ముందుకి తోస్తే రెండే. అలవాటు కొద్దీ…”

“ఎవరి అలవాటు?”

“అంటే… మామూలు కార్లలో మూడు ముందుకే కదా.”

“మామూలు కారు నేనెప్పుడు నడిపాన్రా?”

“అదీ…”

“నాన్న నాకు డ్రైవింగ్ నేర్పింది ఈ రాకాసి మీదే. ఒక్కసారి మీ బావ కారు తీసుకెళ్తే, మూడు అనుకుని వెనక్కి లాగి, నాలుగు వేసి, నడిరోడ్డు మీద బండి ఆపేశాను. మీరంతా ఎన్నాళ్లు ఏడిపించారు! నా చెయ్యి తప్పితే వెనక్కి తప్పుతుంది కానీ ముందుకి తప్పదు.”

“అక్కా, వదిలెయ్.”

“వదలను. ఎవరు నడిపారు?”

“నేనే.”

“నువ్వా?”

“నేనే. నువ్వు ఇంటికెళ్లాక. సరదాగా ఒక్క రౌండు… భయమేసి చెప్పలేదు.”

“ఈ గేర్‌బాక్సు నీ చేత్తో కట్టావు. కళ్లు మూసుకుని విప్పుతావు. నువ్వు ముందుకి తోశావా?”

“తోశాను. నా ఖర్మ.”

“సరే. మరి సీటు?”

“సీటేంటి?”

“నిన్న ఎక్కితే కాళ్లకి పెడల్స్ అందలేదు. ఏదో పనుండి నువ్వే జరిపావనుకున్నా. ఇంతలో ఇంజను టకటకా కొట్టుకునేసరికి హడలిపోయి దిగేశా, ఆ సంగతే మర్చిపోయా. నువ్వు నాకంటే పొట్టి కదరా. నువ్వు నడిపితే సీటు ముందుకి రావాలి గానీ వెనక్కెందుకు పోతుంది?”

“నన్ను అడక్కు. నీకు దండం పెడతా. మాటిచ్చాను.”

“నాకు అబద్ధం చెప్తానని మాటిచ్చావా? నిన్నటి నుంచీ ఈ చెయ్యి చూసుకుని నేను ఏడుస్తుంటే, పక్కన కూర్చుని ‘పోనీలే అక్కా’ అన్నావే! ముద్ద ఎలా దిగిందిరా నీకు?”

“దిగలేదక్కా.”

“ఆ సీటు మళ్లీ జరిపావా?”

“లేదు. లోపలికి వెళ్లనే లేదు.”

“ఉండు, ఎవరో వస్తున్నారు. నువ్వు నోరు మెదిపావంటే చూడు.”

వచ్చినవాడు ఆవిడ భర్త. పొడగరి, తలుపు దగ్గర తల వంచి లోపలికి వచ్చాడు. ఆ వంగడం చూసి అక్క కారు సీటు వైపు తిరిగింది.

“ఇక్కడున్నావా? ఇల్లంతా వెతికాను. ఇంకా ఆ ఇనపముక్కలు పట్టుకుని కూర్చున్నావేంటి?”

“వీడికి సాయం చేస్తున్నానండీ.”

“పిచ్చిదానా, చెయ్యి తప్పడం ఎవరికైనా ఉంటుంది. నేనేమైనా అన్నానా? ఒక రకంగా మంచిదే అయింది. నువ్వు ట్రాక్ మీద ఉన్నంతసేపూ ఇక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇక హాయిగా ఇంటిపట్టున ఉంటావు.”

“నిజమే. దీన్ని కూడా ఎవరికైనా ఇచ్చేద్దామా?”

“నీ ఇష్టం. దాని మొహం చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఎక్కానా?”

“పాపం, ఎప్పుడూ ఎక్కలేదు. అది వెళ్లిపోయేలోపు ఒక్కసారి కూర్చోండి, ఫొటో తీస్తా.”

“వద్దు బావా, లోపలంతా గ్రీజు…”

“నువ్వుండరా. గ్రీజు అంటితే ఉతికేది నేను. కూర్చోండి.”

“నీ కోసం సరే… ఇదిగో.”

“సీటు జరపమంటారా? నేను ముందుకి పెట్టుకుంటాగా, మీకు మోకాళ్లు తగుల్తాయేమో.”

“అక్కర్లేదోయ్. సరిగ్గా సరిపోయింది.”

“అద్దం?”

“అదీ బాగానే కనిపిస్తోంది. తియ్యి ఫొటో.”

“బొమ్మలా కూర్చుంటే ఏం బాగుంటుంది? నడుపుతున్నట్టు పెట్టండి. చెయ్యి గేరు మీద. అదిగో, మలుపు వస్తోంది. నాలుగులోంచి మూడుకి దింపండి.”

“ఇలాగా?”

“అలాగే. చెయ్యి తియ్యకండి. చూశావా తమ్ముడూ?”

“చూశానక్కా.”

“ఏంటి, బాగా వచ్చానా?”

“అది రెండో గేరండీ. ఇక దిగండి, నా సీటు నేను జరుపుకుంటాను.”