ఆ రాజ్యంలో ఒక్క పూట

విజయనగరంలో ఓ కిరాణా కొట్టు వెనక గదిలో, పెద్దమనిషి అయిందని బడి మాన్పించిన మనవరాలు మామ్మకి నవల చదివి వినిపిస్తోంది.

"ఆపెయ్యే! ఏటా కథ? దొరని అడక్కుండా గుమ్మం దాటకూడదు, గట్టిగా నవ్వకూడదు. అదేటి రాజ్యమే?"

"అందుకే సదువుతన్నాను మామ్మా."

"నీ ఈడు పిల్లలు రాజకుమారి కథలు సదూకుంతారు. ఇలాటి ఏడుపుగొట్టువి కాదు."

"ఆ కథలు నాకు నమ్మబుద్ధి కాదు. విసుగొస్తాది. ఇందులో పిల్ల సివరికి గోడ దూకి పోతాది."

"పోనీలే, బతికిపోనాది! నానైతే ఆ రాజ్యంలో ఒక్క పూట ఉండను."

మనవరాలు పుస్తకం మూసింది.

"ఉక్కపోస్తన్నాది మామ్మా. వీధి కిటికీ తియ్యనా?"

"అమ్మో! మీ నాన్ననడక్కుండా ఎలా తీస్తావే?"