చూద్దాంగారి బ్యాంకు

ఏంట్రా మనవడా, ఫోన్లో వేలితో నొక్కితే లోను ఇచ్చేస్తారా? మొహమైనా చూడకుండానా? భలే. మా రోజుల్లో ఈ బజార్లో ఓ చిన్న బ్యాంకుండేదిలే. రెండు గదులు, నాలుగు బల్లలు, అంతే. దాని మేనేజరు అసలు పేరు సగంమందికి తెలీదు, అందరం చూద్దాంగారనేవాళ్లం. ఎందుకంటే అప్పిస్తానని నోటితో ఎప్పుడూ అన్లేదాయన. కుట్టుమిషను కొనుక్కుంటానండీ అని నేను వెళ్తే, ఎగాదిగా చూసి "చూద్దాం" అన్నాడు. నా మొహం వాడిపోయింది. బయట ప్యూను నవ్వి, "పిచ్చోడా, చూద్దామంటే ఇచ్చినట్టేరా. ఇవ్వనివాళ్లనైతే కూర్చోబెట్టి, తియ్యగా మాట్లాడి, తప్పకుండా, నాది హామీ అని సాగనంపుతాడు" అన్నాడు. ఆ వారంలోనే మిషను నా కొట్లోకొచ్చింది. మీ నాన్నని చదివించింది ఆ మిషనేరా. పిచ్చివెధవ, ఎప్పుడూ ఫస్టే... సరే, ఎక్కడున్నాను?

ఆఁ, ఎదురుగా పెద్ద బ్యాంకొచ్చింది. అద్దాల తలుపులు, టై కట్టుకున్న కుర్రాళ్లు, డబ్బు దాచుకుంటే వడ్డీ కూడా ఓ పిసరు ఎక్కువ. జనం ఒక్కొక్కరే రోడ్డు దాటడం మొదలెట్టారు. ఈయన ఊరుకున్నాడా? పాత ఏసీ ఒకటి పట్టుకొచ్చి బిగించాడు. చల్లదనం సున్నా, మోత మాత్రం రైలింజనంత. మధ్యాహ్నం భోజనానికీ తలుపు మూసేవాడు కాదు, క్యారేజీ కౌంటరు మీదే. వాళ్లావిడ "అదేమన్నా మీ తాతగారి ఆస్తా?" అని దెప్పేది. "ఎదుటివాడు కూరగాయల బండివాడికి అప్పిస్తాడటే?" అనేవాడు. అదీ ఆయన దిగులు.

ఇంతలో ఓ పుకారు, ఎవడు పుట్టించాడో వాడి నోరు పడిపోను, బ్యాంకు మునిగిపోతోందని. తెల్లారేసరికి మెట్లముందు జనం. "మా డబ్బు మాకొస్తుందా?" అని ఒకటే గోల. ఆయన బయటికొచ్చి, అలవాటు చొప్పున "చూద్దాం" అన్నాడు. మా పాతవాళ్లకి ప్రాణం లేచొచ్చింది. కొత్త కాలనీలవాళ్లకేం తెలుసు? "విన్నారా, చూద్దామంటున్నాడు! అంటే లేదన్నమాటే!" అని అరిచారు. పాపం ఆయన కంగారుపడిపోయి, రెండు చేతులూ ఎత్తి, "తప్పకుండా ఇస్తానమ్మా, నాది హామీ!" అన్నాడు. అంతే. ఈసారి పాతవాళ్ల మొహాలు మాడిపోయాయి. "హామీ అంటున్నాడ్రా బాబోయ్, అయిపోయింది!" అని అందరికంటే ముందు వాళ్లే ఎగబడ్డారు. నాకక్కడ ఉన్నది అప్పే గనక గోడకానుకుని చూస్తూ నిలబడ్డా. ఆయన నోరు తెరవడం, మూయడం.

ఏముంది, పెద్దది చిన్నదాన్ని మింగేసింది. ఆయన్ని ఇంటికి పొమ్మన్నారు. పింఛనుకి వాళ్ల దగ్గరే ఖాతా తెరవాలన్నారు. కౌంటర్లో పిల్ల, నీ ఈడుంటుంది, "మీరెవరో మాకు తెలీదు కదండీ, మా ఖాతాదారు ఎవరైనా మీరు తెలుసని సంతకం పెట్టాలి" అందట. నా కొట్టుకొచ్చి చెప్పాడు. నేను పెడతానండీ అన్నా. "నీకక్కడ ఖాతా ఉందటయ్యా?" మిషనప్పు తీరిపోయాక నాకెక్కడిదండీ. ఉన్నవాళ్లంటావా, బజారంతా ఉన్నవాళ్లే, ఆ పొద్దున మెట్లదగ్గర తోసుకున్నవాళ్లే. ఫలానావాణ్ణి అడగండీ అని నేనెలా అంటాను? "వద్దులేవోయ్" అని స్టూలు మీంచి లేచిపోయాడు. ఎవర్నీ అడగలేదు. ఆ పింఛను ఒక్కనెలైనా తీసుకోకుండానే పోయాడు...

ఆ తలుపు వెయ్యరా, దుమ్మొస్తోంది.