చెంచురామయ్య ఆఖరి వామి

చెంచురామయ్యని ఒకాయన, కాలవకింద పాలెంలో. రెండెకరాల మాగాణి, రెండు గేదెలు, మాలకొండమ్మని ఒక పెళ్ళాం, ఇంతే ఆయనకున్నది. కానీ వీధిలో నడిచేటప్పుడు చూస్తే ఇరవై ఎకరాల ఆసామిలాగా నడుస్తాడంట. ఎందుకంటే ఆయనకి వామి ఉంది. గడ్డివామి. నవ్వబాకండి. వామి అందరికీ ఉంటది కదా అంటారు, ఉంటది, కానీ చెంచురామయ్య వామి అంటే వామి అంట. నూర్పిడి అయినాక ఎండిన వరిగడ్డిని ఇంటి పక్క దొడ్లో ఆయన వామి వేయించాడంటే కోడిగుడ్డు నిలబెట్టినట్టు ఉండేదంట, యాడా వంకర లేదు, ముసురు పట్టి వారం కురిసినా లోపలికి చుక్క దిగదు, ఏడాది పొడుగునా గడ్డి తీసినా పచ్చగా బంగారంలాగా వచ్చేది. పక్కూళ్ళ నుంచి కూడా చూడ్డానికి వచ్చేవాళ్ళు. వస్తే ఆయన మంచం వేసి కూర్చోబెట్టి, గాలి ఏ పక్కనుంచి వస్తది, పోచ ఏ పక్కకి తిప్పాల, అడుగు ఎంత వెడల్పు ఉండాల, ఇవన్నీ చెప్పి, మజ్జిగ కూడా ఇప్పించేవాడు. మజ్జిగ ఎవరు ఇస్తారు, మాలకొండమ్మ ఇస్తది.

ఇక ఆ వామి ఎట్టా వేసేవాళ్ళో ఇనండి. మాలకొండమ్మ నిచ్చెన మీద పైకెక్కి గడ్డి తొక్కుతా ఉంటది. ఆయమ్మ తమ్ముడు కోటిలింగం కిందనుంచి మోపులు ఎగరేస్తా ఉంటాడు. చెంచురామయ్య అల్లంత దూరంలో చేతికర్ర పట్టుకుని నిలబడి, ఎడం పక్క బోలుగా ఉంది, తొక్కు, అంటాడు. ఆయమ్మ తొక్కుద్ది. కుడి పక్క పొట్ట వస్తంది, లాగు, అంటాడు. ఆయమ్మ లాగుద్ది. ఆయన మాత్రం ఎక్కడు, ఎక్కితే కళ్ళు తిరుగుతాయంట. ఇరవై ఏడేళ్ళు ఇట్టానే జరిగింది అనుకో. వామి ఎవరిదంటే మాత్రం చెంచురామయ్యది.

ఇట్టా ఉండగా ఏమైందంటే, ఊళ్ళోకి కోత మిషన్లు వచ్చినాయి. పొద్దున దిగితే మధ్యాన్నానికి ఎకరాలు ఎకరాలు కోసి వడ్లు ట్రాక్టర్లో పోసి పోతన్నాయి. వెనకాలే మస్తానయ్యని ఒకాయన ఇంకో మిషను తెచ్చాడు. అది చేలో పడ్డ గడ్డినంతా మింగి చుట్టలు చుట్టి బయటికి కక్కుద్ది. చుట్టలంటే మీరు కాల్చే చుట్టలు కాదు, ఒక్కోటి పిల్ల దూడంత ఉంటది. చెప్తే దొడ్లోకి తెచ్చి దించి పోతాడు. ఊరంతా ఒక్కొక్కరే వాములు మానేశారు. గడ్డి చుట్టలు కొనుక్కోవటం, పంచలో పేర్చుకోవటం, అంతటితో అయిపాయె. చెంచురామయ్య ఒక్కడే ఒప్పుకోలేదు. మిషన్ గడ్డి గేదెలు మూతి పెట్టవు అనేవాడంట. గేదెలు ఎప్పుడు చెప్పాయి ఆయనకి అంటే, ఆయనకి చెప్తాయి అనుకో. ఊళ్ళో మిగతా గేదెలన్నీ ఆ గడ్డే తిని నెమరేస్తా ఉన్నాయి, అవి వేరే జాతివి గావాల.

మరి మిషను వద్దంటే చేత్తో కొయ్యాల గదా. కూలోళ్ళు ఈ రెండెకరాలకి కొడవళ్ళు యాడ ఎతుక్కునేది, పో పెదనాయనా, అన్నారు. దాంతో కోత కొయ్యటానికి మాలకొండమ్మ, కట్టలు కట్టటానికి మాలకొండమ్మ, నూర్పిడికి మాలకొండమ్మ, వాళ్ళ తమ్ముడు. చెంచురామయ్యకి సరిగ్గా కోత మొదలైన రోజే నడుం పట్టుకునేది, వామి వేసే రోజుకి వదిలేది. ప్రతేడూ అంతే, ఆ నడుముకి పంచాంగం తెలుసనుకో. ఆయమ్మకి మోకాళ్ళు పోయినాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఒక ఏడు మెల్లగా అడిగింది, ఈసారికి మనం కూడా చుట్టలు కొనుక్కుందామయ్యా అని. చెంచురామయ్య లేచిపోయి రెండు రోజులు అక్కగారింట్లో అన్నం తిన్నాడు. మూడో రోజు ఆయమ్మే పోయి, సరే రా, వామే వేద్దాం, అని పిలుచుకొచ్చుకుంది. అంత బాధపెట్టింది పాపం ఆయన్ని.

ఆ ఏడు ఏమైందంటే, గడ్డి కళ్ళంలో ఆరతా ఉండగా వాన పడింది. పెద్ద వానేం కాదు, పూటసేపు. మాలకొండమ్మ మర్నాడు గుప్పెడు గడ్డి తీసి మెలిబెట్టి చూసి, గణుపుల్లో ఇంకా తడుంది, నాలుగు రోజులు తిరగేసి ఎండబెడదాం, అంది. నిజం చెప్పింది. కానీ చెంచురామయ్యకి వేరే తొందర ఉంది. పక్కూరి ఆసామి ఒకాయన, సోమవారం కాక పై సోమవారం వస్తాను, నీ వామి చూడాల, మా ఊళ్ళో ఎవరికీ చాతకావటం లేదు, అని చెప్పి పోయాడు. అప్పటికి వామి కూచుని గట్టిపడి ఉండాల, లేకపోతే చూడ్డానికి అందం రాదు. అందుకని ఈయన, ఇరవై ఏడేళ్ళుగా వేస్తన్నా, తడేందో పొడేందో నాకు చెప్తావా, అన్నాడంట. ఎవరితో, ఇరవై ఏడేళ్ళు తొక్కిన మనిషితో. సరే, ఆయమ్మ మోకాళ్ళకి గుడ్డలు చుట్టుకుని ఎక్కింది. ఈయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. వామి లేచింది. అన్నిటికన్నా చక్కగా లేచిందంట ఆ ఏడు, ఆ మాట మాలకొండమ్మే చెప్పింది నాకు.

ఐదో రోజు పొద్దున్నే చూస్తే వామి పైనుంచి పొగలాగా తెల్లగా లేస్తంది. చెంచురామయ్య చూసి, మంచు, అన్నాడు. ఊళ్ళో ఇంకెవరి కొంప మీదా మంచు లేదు, ఈయన వామి మీదే కురిసింది ఆ రోజు. కుక్కలు రెండు వచ్చి వామికి వీపులు ఆనించి పడుకున్నాయి, వెచ్చగా ఉందని వాటికి తెలిసింది. మాలకొండమ్మ పోయి మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, వెంటనే లాక్కుంది. లోపల కాగతా ఉంది. తడి గడ్డి తొక్కి మూసిపెడితే ఉడుకుద్ది, ఉడికి ఉడికి అంటుకుంటది కూడా, ఇది మనందరికీ తెలిసిందే. పక్కనే గేదెల పాక, ఆ పక్కన ఇల్లు. వామి ఇప్పేద్దాం, ఇవాళే ఇప్పేద్దాం, అందంట. చెంచురామయ్య, సోమవారం దాకా ఆగు, ఆయన చూసి పోయినాక ఇప్పుదాం, అన్నాడు. చూడండి, కొంప కాలినా ఫర్వాలేదు, ఆయనొచ్చి చూసినాక కాలాల. మాలకొండమ్మ గేదెలు రెండిట్నీ తోలుకుపోయి తమ్ముడి దొడ్లో కట్టేసి, నీళ్ళ బిందెలన్నీ నింపి వాకిట్లో వరసగా పెట్టింది.

సోమవారం పొద్దెక్కేసరికి మంచు కాస్తా నల్లబడింది. మాడు వాసన వీధి చివరి దాకా పోయింది. జనం బిందెలు పట్టుకుని వచ్చేశారు. ముందు వామి పైన గడ్డి తీసి లోపల నీళ్ళు పొయ్యాల, అన్నారు. అంటే ఎవరో ఒకరు ఎక్కాల. అందరూ మాలకొండమ్మ వంక చూశారు, అలవాటు గదా. ఆయమ్మ, నేను ఎక్కను, అంది. గట్టిగా కూడా అనలేదంట, మామూలుగా, కూర నాకొద్దు అన్నట్టు అంది. కోటిలింగం నిచ్చెన పట్టుకోబోతే, నువ్వూ ఎక్కబాక, అంది. ఇక జనం అందరూ చెంచురామయ్య వంక తిరిగారు. ఇంతమంది చూస్తా ఉంటే ఎక్కకుండా ఎట్టా, వామి ఆయనది గదా. ఎక్కాడు. ఒక్కో మెట్టూ ఎక్కుతా, దేవుళ్ళందర్నీ తలుచుకుంటా ఎక్కాడు. పైకి పోయి ఒక కాలు పెట్టాడు, అది మోకాటి దాకా దిగబడింది. ఆ కాలు పీక్కునేటప్పుడు రెండో కాలు నిచ్చెనకి తగిలి, నిచ్చెన ఇట్టా వొరిగి కింద పడింది. ఇంక చూడండి, కింద ఊరు, పైన చెంచురామయ్య, మధ్యలో ఉడికే గడ్డి. కళ్ళు తిరిగినాయి. వామిని కావలించుకుని బోర్లా పడుకున్నాడు. కడుపు కింద చురచురమంటంది, లెయ్యటానికి భయం, ఉండటానికి మంట.

సరిగ్గా అప్పుడే పక్కూరి ఆసామి మోటారు సైకిలు మీద వచ్చి దిగాడు. చూశాడు, చూశాడు, చూసి, వామి కొసన మనిషిని పెట్టేది కూడా మీ ఊరి పద్ధతేనా, అని అడిగాడంట పక్కనున్నోళ్ళని. ఆయన నిజంగా తెలీకే అడిగాడో ఏమో, మనమెందుకు పాపం కట్టుకోవటం. కోటిలింగం పరిగెత్తి నిచ్చెన ఎత్తి వామికి ఆనించబోయాడు. మాలకొండమ్మ ఆ నిచ్చెన మీద చెయ్యి వేసి ఆపింది. మొగుడు గదా, పైన కాలతన్నాడు, ఆయమ్మకి మాత్రం దించాలని ఉండదా. కానీ చెయ్యి తియ్యలా. పైకి చూసి అడిగింది.

"ఏమయ్యా, వచ్చే ఏటికి గడ్డి ఎట్టా?"

"ముందు నిచ్చెన వెయ్యవే. దిగినాక మాట్టాడుకుందాం."

"దిగినాక నువ్వేం మాట్టాడతావో నాకు తెలుసు. పైనుంచే చెప్పు, నలుగురూ ఇంటారు."

అప్పుడు కూడా ఆలోచించాడు చూడండి చెంచురామయ్య, కింద పొట్ట కాలతా ఉంటే. చివరికి మొహం గడ్డిలో పెట్టుకునే, "కొనుక్కుందాంలే," అన్నాడు.

"వామి?"

"వామి లేదు. ఇదే ఆఖరిది. వెయ్యవే తల్లీ నిచ్చెన."

వేసింది. కోటిలింగం పైకిపోయి బావని నడుం పట్టుకుని దించాడు. పొట్ట మీద, మోకాళ్ళ మీద ఎర్రగా కమిలింది, అంతకన్నా ఏమీ కాలేదు. జనమంతా కలిసి వామి ఇప్పి నీళ్ళు పోశారు. లోపల సగం నల్లగా పొగాకులాగా అయిపోయింది. దాన్ని బండ్లకెత్తి చేలోకి తోలి ఎరువుకి పోశారు. పాక మిగిలింది, ఇల్లు మిగిలింది, గేదెలు రెండూ ఇంటికొచ్చినాయి. మాలకొండమ్మ కొబ్బరినూనె తెచ్చి మొగుడి పొట్టకి రాసింది. రాసేటప్పుడు ఒక్క మాట ఎత్తిపొడవలేదు. నేనైతే ఎత్తిపొడిచేదాన్ని, నాకంత ఓర్పు లేదు.

వారానికి మస్తానయ్య ట్రాక్టరు తెచ్చి చుట్టలు దించాడు. చెంచురామయ్య బయటికి రాలేదు, ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మాలకొండమ్మే ఒక చుట్ట ఇప్పి గేదెల ముందు పరిచింది. కాసేపటికి లోపలనుంచి ఈయన, తింటన్నాయా, అని అడిగాడు. తింటన్నాయి, అంది. ఇంకాసేపు ఆగి, ఇష్టంగానే తింటన్నాయా, అన్నాడంట. మాలకొండమ్మ చూసింది. అవి తల కూడా ఎత్తకుండా తింటన్నాయి. ఏదో అలవాటయ్యేదాకా తప్పదు గదా వాటికి, అని చెప్పింది. అబద్ధం చెప్పింది. మనిషికి ఆ మాత్రం మిగల్చాల గదా అనుకుంది గావాల. ఆ తర్వాత ఆయన బయటికొచ్చి, వామి ఉన్న జాగాలో గుండ్రంగా నల్లబడ్డ నేల మీద చాలాసేపు నిలబడ్డాడు. నవ్వొచ్చే మనిషే గానీ, ఆ పొద్దు ఎవరూ నవ్వలేదంట.

ఇప్పుడు పోయి చెంచురామయ్యని అడగండి, వాములు ఎందుకు మానేశావని. మా ఆడమనిషికి మోకాళ్ళు బాగోక, నేనే ఆలోచించి మాన్పించా, అంటాడు. ఎప్పట్నుంచో అనుకుంటన్నా, ఈ ఆడోళ్ళు వింటేనా, అని కూడా అంటాడు. మాలకొండమ్మ పక్కనే ఉండి చాటతో బియ్యం చెరగతా, అవును, ఆయనే మాన్పించాడు, అంటది. నేను చెప్పిందంతా ఆయమ్మ నోటా, కోటిలింగం నోటా ఇన్నది. ఏది నిజమో మీరే తేల్చుకోండి. నేనైతే పాలు ఆ ఇంటినుంచే పోయించుకుంటా, ఆయన ముందర ఆయన చెప్పిందే నిజం అంటా. నీళ్ళు కలపని పాలు ఊళ్ళో ఇంకెవరు పోస్తన్నారు చెప్పండి.