నాకా మీద నా పెండ్లి

"అవ్వా, పెట్రోల్ పంపు లేకముందు మన నాకా మీద ఏముండె?"

ఏముండె అంటవా? నా పెండ్లి గాడనే అయింది బిడ్డ! నవ్వకు. మాట రికార్డు చేసుకో గని గా ఫోను నోటికాడ వెట్టకు, జర దూరం వెట్టు. ఆఁ, ఇగ విను.

ఇప్పుడు పంపున్న కాడ పత్తి జిన్నింగ్ మిల్లు ఉండె. రేకుల షెడ్డు, గింత పెద్దది. దాని ఎదురుంగ మారుతి గుడి, ఇప్పుడున్నదే, రంగే కొత్తది. ఇంక చాచా హోటల్. ఛాయ్ చారాణ. గంతే. నాకా అంటె నాలుగు తొవ్వలు కలిసే జాగ: నాందేడ్‌ది, దెగ్లూర్‌ది, బోధన్‌ది, ధర్మాబాద్‌ది. బస్సు దిగినోడు ఛాయ్ తాగి పోవుడే గని ఉండెటోడు లేకుండె.

మాది బోధన్ దిక్కు. మీ తాతది ధర్మాబాద్ తొవ్వల, వాగవతల పల్లె. గప్పట్ల పెండ్లి పిలగాని ఇంటికాడ చేసేది గద. లారీల అచ్చినం, మా నాయన, అన్న, చిన్నమ్మలు, అరిసెల గంపలు. శ్రావణమాసం. నాకా కాడికి రాంగనే డ్రైవర్ సర్దార్జీ లారీ ఆపిండు. "ఆగే పానీ హై" అన్నడు. వాగు పొంగి కల్వర్టు మీదికెల్లి పోతున్నది.

నేను పెండ్లి బట్టలతోనే వాగొడ్డుకు వోయిన. ఒద్దన్నరు, అయినా పోయిన. అవతలొడ్డున పిలగాని దిక్కోల్లు. మీ తాతకు తల్లిదండ్రి లేకుండె, పెద్దనాయన సాదిండు. గా పెద్దనాయన శెయ్యి ఊపుకుంట ఒర్రుతున్నడు: "మర్రిపోన్రి! పిల్ల అడుగు మంచిగ లేదు. ఇంట్ల కాలు వెట్టకముందే వాగు తెచ్చింది!"

మా నాయన మొఖం తెల్లవడ్డది. "పా బిడ్డ, పోదాం" అన్నడు. మర్రిపోతె మల్ల నన్నెవరడుగుతరు? గా మాట జనుమంత ఎంబడుంటది. నాకు ఎక్కడలేని కోపమచ్చింది. గట్టిగ ఒర్రిన: "వాన నేను తెచ్చిన్నా మామా? తెచ్చేదాన్నయితె పోయినేడు కరువుల నన్నెందుకు పిలువలే?"

మల్ల అవతల ఒకాయిన పకపక నవ్విండు. గాయినే మీ తాత. గంతకుముందు నేను సూడనే లే... కాదు కాదు, సూసిన, పిల్లను సూడ అచ్చినప్పుడు. తల వంచుకుంటి, కాళ్లే కనవడ్డయి.

సర్దార్జీ లారీ మోకుకు రాయి గట్టి ఇసిరిండు. అవతలోల్లు తుమ్మచెట్టుకు గట్టిన్రు. మీ తాత పుస్తె రుమాలల ముడేసి, రుమాలు తలకు సుట్టి, మోకు వట్టుకొని దిగిండు. నడుమంత నీళ్లు, ఎదంత నీళ్లు. మా చిన్నమ్మ కండ్లు మూసుకున్నది. నేను మూసుకోలే. ఎన్కనుంచి పెద్దనాయన "పోతె మల్ల నా గడప తొక్కకురా!" అంటనే ఉన్నడు. ఈయిన అచ్చిండు.

ఇగ పెండ్లి చేసే అయ్యగారు? ఆయిన వాగు దిగనన్నడు. మారుతి గుడి భట్‌జీని అడిగినం. "చాతుర్మాసాత్ లగ్న?" అని నోరు తెరిసిండు. మరాఠి వాళ్లల్ల వానకాలం పెండ్లిల్లు చెయ్యరు గద. "మాకు శ్రావణం మంచిదే మహారాజ్" అన్నడు మా నాయన. పిల్ల తడుస్తున్నది, జల్ది చెయ్యమని హోటల్ చాచి అందుకున్నది: "అరే మహారాజ్, బచ్చీ భీగ్ రహీ హై, జల్దీ కరో!" భట్‌జీ నవ్వి జంజెం సర్దుకున్నడు.

పత్తి సీజన్ గాదు, షెడ్డు ఖాళీ. గోనె బోరాలు పరిసిన్రు. భట్‌జీ మంగళాష్టకాలు సదువుకుంట "సావధాన్" అన్నప్పుడల్ల జరన్ని అక్షింతలు ఎయ్యాలె, వాళ్ల రివాజు. మావోల్లకేం ఎరుక? మొదటి సావధాన్‌కే గంప ఖాళీ చేసిన్రు! మా నాయన అందర్ని అడుగుడే, "అయిందా? ఇంక కాలేదా?" అని. పుస్తె కట్టినంక గని ఆయిన పాణం కుదుటవడలే. బస్సు దిగినోల్లు సుత అచ్చి దీవించిన్రు, ఎన్నడు సూడనోల్లు.

వాగు తగ్గినంక పల్లెకు వోయినం. పెద్దనాయన తలుపు తియ్యలే. మీ తాత పిలిసి పిలిసి మర్రిండు. తొవ్వంత ఏడ్సిండు బిడ్డ. చాచి హోటల్ పక్కపొంటి ఉండెతందుకు చాప్రి ఇచ్చింది. ఆయిన పంచర్లు ఏసుడు, నేను గాజులమ్ముడు. చాచోల్ల ఎన్క నాకా మీద కాపురం వెట్టింది మేమే. మల్ల దర్జీ అచ్చిండు, కిరాణం అచ్చింది, బడి అచ్చింది. గట్ల ఊరయింది.

ఒకనాడు పెద్దనాయన అచ్చిండు. ముసలోడయిండు, దమ్ము లేసింది, నాందేడ్ దవాఖానకు పోవాలె. దుకాణం ముంగట నిలవడ్డడు, లోపటికి రాడు. "బస్సెప్పుడస్తది?" అన్నడు, నన్ను సూడకుంట.

"నువ్వు ఛాయ్ తాగెదాక రాదు. కూసో మామా" అన్న.

కూసున్నడు. మీ తాత పంచర్ ఏస్తున్నడు, తల ఎత్తలే గని శేతులాగినయి. జరసేపయినంక తానే లేసి ఛాయ్ తెచ్చిచ్చిండు. బస్సస్తె, శేతులకు నల్లమసి గూడ కడుక్కోలే, ముసలాయినను వట్టుకొని నాందేడ్ దాక ఎంబడి వోయిండు.

గంతే బిడ్డ. సల్లగుండు. నువ్వు యాడ నిలవడితె గాడ నలుగురు కూడాలె. ఇగ లే, నీకు అన్నం ఏస్త.