కునుకొచ్చే క్లాసు

అనకాపల్లి, 1946. బెల్లం వండే రోజులు. హైస్కూల్లో హెడ్మాస్టరు త్రినాధరావు గది. ఉద్యోగం పోయిన లెక్కల మాస్టారు సుభానీ తాళాలు ఇవ్వడానికి వచ్చాడు.

“తాళాలు తరవాత, సుభానీ. ముందు కూర్చో.”

“బండికి టైమవుతోందండి.”

“అవనీ. నీ మీద నాకేటి కోపం? మాస్టర్ల గురించి చీటీల మీద ఉన్నదున్నట్టు రాయండి, మీ పేర్లు పెట్టొద్దని పిల్లలతో అన్నాను. రాసేరు. ఇదిగో, ‘సుభానీ మాస్టారి క్లాసులో నిద్ర బాగా వస్తుంది.’ ఇదోటి, ‘లెక్కల క్లాసులో హాయిగా నిద్ర పడుతుంది.’ స్కూలు మేనేజరు గారికి చూపించక తప్పింది కాదు.”

“నిజమే రాసేరండి.”

“అదిగో, ఆయన ముందూ అదే మాటన్నావు. ఏదో ఒకటి చెప్పుకుని ఉంటే ఉద్యోగం నిలిచేది. రాత్రి నాకు అన్నం సయించలేదయ్యా.”

“చెప్పుకోడానికేటుందండి. వెళ్ళొత్తాను.”

“ఆగు. హాయిగా ఏటి? పాఠం బాగోలేనివాడు విసుగని రాస్తాడు గానీ, హాయని రాస్తాడా?”

“బండి...”

“సుభానీ.”

“పిల్లల్ని స్కూల్లోంచి తీసేయనంటే చెప్తానండి.”

“నేనెందుకు తీసేస్తాను?”

“రాత్రి పనికెళ్ళేవాళ్ళని ఉంచొద్దన్నారు కదండి మేనేజరు గారు. మునగపాక పిల్లలు రాత్రంతా బెల్లం పొయ్యిల్లోకి చెరకు పిప్పి ఎగదోత్తన్నారు. తెల్లారి అట్నించటే నడిచొచ్చేత్తన్నారు. నా క్లాసులో పడుకోమంటాను. సాయంత్రం నేనే వాళ్ళ పొయ్యి దగ్గరికెళ్ళి లెక్కలు చెప్తాను.”

“పొయ్యి దగ్గరా?”

“పాకం పొంగే దాకా కొంచెం తీరికుంటాదండి.”

“ఆ పిల్లలే కదా నా క్లాసుకీ వస్తారు. అక్కడ ఒక్కడూ కన్ను మూయడే.”

“మీ చేతిలో బెత్తం ఉంటాది కదండి.”

“అయితే... ఆ రెండో చీటీల కట్ట...”

“మీ గురించి రాసినవాండి?”

“‘హెడ్మాస్టారి క్లాసులో నిద్ర రానే రాదు.’ అందరిదీ అదే మాట. లే, మేనేజరు గారి దగ్గరికెళ్దాం.”

“వద్దండి. పిల్లల పేర్లు బయటికొచ్చేత్తాయి.”

“రావు. చీటీల మీద పేర్లు లేవు. తప్పుగా చదివింది నేనని చెప్తాను, అంతే.”

“మీ కట్ట కూడా పట్టుకెళ్తారా అండి?”

“అదే ముందు తియ్యి. పొగిడేరనుకుని మా ఆవిడకి చదివి వినిపించేను.”